మతేరా వాననీళ్లు



ఇటలీ దేశపు దక్షిణ భాగంలో మతేరా అనే కొండ ఊరు ఉంది. ఆ ఊళ్లో ఒక ఇంటి గోడకు చెక్కిన గాడి గురించి ముందు చెబుతాను. బెత్తెడు వెడల్పు ఉంటుంది. పైకప్పు అంచున మొదలై, గోడ వెంబడి ఏటవాలుగా దిగి, గుమ్మం పక్కగా వచ్చి, నేలలో ఒక కంతలోకి పోతుంది. కప్పు మీద పడిన వాననీళ్లను వీధి పాలు కానివ్వకుండా ఇంటి లోపలికి తీసుకుపోయే దారి అది. నాతో వచ్చిన మా మేనకోడలు ఫోటోలు తీసుకుంటూ ముందుకు వెళ్లిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడి, ఆ గాడిలో వేలు పెట్టి నా ఎత్తు నుంచి నేల దాకా తడిమాను. రెండంచులూ గరుకుగా ఉన్నాయి, అడుగు మాత్రం నూరుడు రాయిలా నున్నగా ఉంది.

నేను కనిగిరి దగ్గర మెట్ట ఊళ్లో పుట్టినదాన్ని. మా అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, చేద, చేంతాడు తీసుకుని బావి దగ్గరికి పోయేది. వెనకాల చిన్న బిందెతో నేను. అడుగంటిన బావిలో మళ్లీ ఊట ఊరేదాకా వంతు కోసం గట్టు మీద కూర్చునేవాళ్లం. అలా పెరిగినవాళ్లకి, ఏ ఊరు వెళ్లినా ఇక్కడ నీళ్లు ఎక్కడివి, ఎటు పోతున్నాయి అని చూడటం అలవాటైపోతుంది. మతేరాను నేను నీళ్ల వెంట నడిచి చూశాను. మీకూ ఆ దారినే చూపిస్తాను.

మా మేనకోడలు బారి నగరంలో చదువుకుంటోంది. బారి సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద ఊరు. అక్కడి నుంచి మతేరాకు అరవై కిలోమీటర్ల పైచిలుకు. నేను వెళ్లేనాటికి ఇటలీ ప్రభుత్వ రైళ్లు మతేరా దాకా వచ్చేవి కావు. ప్రాంతీయ సంస్థ ఒకటి నడిపే సన్నపట్టాల రైలు ఉంది. పట్టాల మధ్య దూరం 950 మిల్లీమీటర్లు, అంటే మన పాత మీటరు గేజీ కన్నా కూడా ఇరుకు. ఆ రైల్లో కూర్చుంటే మొదట ఆలివ్ తోటలు, ద్రాక్ష పందిళ్లు. అల్తమూరా ఊరు దగ్గరపడేసరికి చెట్లు పలచబడతాయి. రాళ్లు పేర్చి కట్టిన కంచెలు, గోధుమ పొలాలు, మధ్యలో తెల్లటి సున్నపురాతి నేల. ఎక్కడా చెరువు కనపడలేదు, ఏరు కనపడలేదు. ఇక్కడ జనం ఏం తాగి బతికారో అని అప్పుడే అనుకున్నాను.

రైలు దిగితే మామూలు ఊరే. బస్సులు, బ్యాంకులు, కాఫీ కొట్లు. పదినిమిషాలు నడిస్తే విత్తోరియో వేనెతో అనే పెద్ద చౌకు వస్తుంది. ఆ చౌకు పక్కన మూడు కమానుల వసారా ఉంది. అందులోంచి బయటికి తొంగిచూస్తే, కాళ్ల కింద ఊరు దిగిపోయి కనిపిస్తుంది.

ఎలా ఉంటుందో మాటల్లో చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఒక లోతైన లోయ. దాని పేరు గ్రవీనా. అడుగున ఎక్కడో సన్నటి వాగు. లోయకు అవతల ముర్జా అనే బోడి పీఠభూమి, దాని అంచు నిండా నల్లటి గుహ నోళ్లు. ఇవతలి ఒడ్డున చీవితా అనే గుట్ట, దాని నెత్తిన పెద్ద చర్చి. ఆ గుట్టకు రెండు పక్కలా రెండు పెద్ద గిన్నెల్లాంటి పల్లాలు. ఒకటి సాస్సో బరిసానో, రెండోది సాస్సో కవెయోసో. సాస్సో అంటే రాయి. రెండిటినీ కలిపి సాస్సీ, అంటే రాళ్లు, అంటారు. ఆ గిన్నెల గోడలకు ఇళ్లు ఒకదాని నెత్తిన ఒకటి అతుక్కుని ఉంటాయి. ముందు భాగం కట్టుబడి, వెనక భాగం కొండలోకి తొలిచిన గుహ. లోపల తొలిచిన రాయినే బయట పేర్చి ముందరి గది కట్టుకున్నారు. ఆ రాయి తవ్వేటప్పుడు మెత్తగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. పనివాడికి ఇంతకన్నా అనువైన రాయి ఏముంటుంది!

సందుల్లో నడుస్తుంటే ఒకచోట నా కాలి పక్కనే పొగగూడు లేచి ఉంది. నేను నడుస్తున్న బాట కింది ఇంటివాళ్ల కప్పు అని అప్పుడు అర్థమైంది.

ఈ ప్రాంతంలో మనుషులు రాతియుగం నుంచీ ఉన్నారు. దొమేనికో రీదోలా అనే వైద్యుడు చుట్టుపక్కల తవ్వకాలు జరిపి తీసిన పనిముట్లు, కుండలు ఊళ్లోని ఆయన పేరిటి మ్యూజియంలోనే ఉన్నాయి. కానీ మనకు ఇప్పుడు కనిపించే రూపం ఎక్కువగా మధ్యయుగాలది. గ్రీకు సంప్రదాయపు సన్యాసులు, లాటిన్ సన్యాసులు కొండలో గుడులు తొలిచారు. ఊళ్లోనూ లోయ చుట్టూనూ కలిపి అలాంటి రాతి గుడులు నూటయాభై దాకా ఉంటాయి. గోడల మీద మేరీమాత, దేవదూతలు, ఎరుపు, పసుపు మట్టి రంగుల్లో. గుట్ట మీది పెద్ద చర్చి 1230 నుంచి 1270 మధ్య కట్టారు. ఓరుగల్లులో గణపతిదేవుడు, ఆయన తరువాత రుద్రమదేవి పాలించిన కాలం అది. అక్కడ మనవాళ్లు గొలుసుకట్టు చెరువులు తవ్విస్తున్నప్పుడు, ఇక్కడ వీళ్లు కొండ కడుపులో నీళ్లు దాచుకుంటున్నారు.

ఎందుకు దాచుకోవాల్సి వచ్చిందో చెబుతాను. సున్నపురాతి నేల మీద నీళ్లు నిలవవు, పగుళ్లలోంచి కిందికి జారిపోతాయి. గ్రవీనా వాగు ఎంతో లోతున ఉంది. వానలు శరదృతువు మొదలుకొని చలికాలంలో కురుస్తాయి, వేసవి మొత్తం ఎండే. అంటే నాలుగైదు నెలల్లో పడిన నీళ్లు ఏడాదంతా రావాలి. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం సంపులు. మనం ఇప్పుడు అపార్టుమెంట్ల కింద సంపు తవ్విస్తున్నామే, అదే. కాకపోతే వాళ్లు రాయిని గంట ఆకారంలో తొలిచారు. పైన మూతి సన్నం, కింద పొట్ట పెద్దది. ఎండ తగలదు, ఆవిరి కాదు. లోపలి గోడలకు సున్నంలో కుండపెంకుల పొడి కలిపిన గచ్చు పూశారు. మన పాత బావులకు, మిద్దెలకు ఇటుకపొడి, సున్నం గానుగపట్టి గచ్చు చేసేవాళ్లు కదా, ఆ పని తెలిసిన మేస్త్రీలు అక్కడా ఉన్నారన్నమాట.

పైనున్న సంపు నిండితే పొర్లిన నీళ్లు కింది సంపులోకి, అదీ నిండితే ఇంకా కిందిదానిలోకి పోతాయి. ఒక్కో మెట్టు దిగేకొద్దీ మడ్డి అడుగున ఉండిపోయి, తేటనీళ్లు ముందుకు పోతాయి. ఇళ్ల కప్పులు, మెట్లు, బాటలు, వాకిళ్లు అన్నీ ఏటవాలుగా నీళ్లను సంపుల వైపు నడిపించేలా ఉంటాయి. పియేత్రో లౌరెయానో అనే వాస్తుశిల్పి ఈ నీళ్ల ఏర్పాటును చాలాకాలం పరిశీలించి, మతేరా అంటే పేదల గుహల గుంపు కాదనీ, నీటిని పోగుచేసే తెలివైన కట్టడమనీ వాదించాడు. 1993లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించడం వెనక ఆ వాదన ఉంది. నేను చూసినంత మేరకు ఆయన మాట నూటికి నూరుపాళ్లూ నిజం.

ఇళ్ల లోపల ఎండను కూడా అలాగే లెక్క చూసుకున్నారు. చలికాలంలో సూర్యుడు వాలుగా ఉంటాడు కాబట్టి ఎండ గుమ్మంలోంచి గుహ లోపలిదాకా పాకుతుంది. వేసవిలో నడినెత్తిన ఉంటాడు కాబట్టి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఇక పలొంబారో లుంగో అనే పెద్ద సంపు గురించి. ఇందాక చెప్పిన పెద్ద చౌకు కిందే ఉంది అది. మెట్లు దిగాలి. దిగేకొద్దీ చెవులకు వీధి చప్పుడు తగ్గిపోయి, చల్లటి తేమ గాలి మొహానికి తగులుతుంది. చివరి మెట్టు మీద నిలబడి తల ఎత్తితే, కొండలో తొలిచిన ఒక పెద్ద గది. గది అనడం తక్కువ. లోతు పదిహేను మీటర్ల పైన, పొడవు యాభై మీటర్లు. నిండితే యాభై లక్షల లీటర్లు. తొలవకుండా వదిలేసిన రాతి స్తంభాలు కప్పును మోస్తున్నాయి. గోడల మీద నీటి మట్టం ఎంతవరకు ఉండేదో చారలు చారలుగా ఇంకా కనిపిస్తోంది. పైన కప్పులో గుండ్రటి కంతలు ఉన్నాయి, చౌకులో నిలబడి చేద వేసి తోడుకోవడానికి. ఆ కంతల్లో ఒకదాని కింద నిలబడ్డాను. మా ఊరి బావి దగ్గర చేద నీటికి తగిలినప్పుడు వచ్చే చప్పుడు, గిలక చప్పుడు గుర్తొచ్చాయి. "అత్తా, ఏమైంది?" అని మా మేనకోడలు భుజం మీద చెయ్యి వేసింది. ఆ పిల్ల కుళాయి నీళ్లతో పెరిగింది. ఏం చెప్పాలో వెంటనే తోచలేదు.

ఈ సంపును పందొమ్మిదో శతాబ్దంలో, 1846 నాటికి, ఇప్పుడున్నంత పెద్దది చేశారు. తరవాత పక్కనున్న పూల్యా ప్రాంతపు నీళ్ల గొట్టాలు మతేరా దాకా వచ్చాయి. చౌకుల్లో కుళాయిలు పెట్టారు. సంపుతో పని తీరిపోయింది. మూసేశారు, మరిచిపోయారు. 1991లో చౌకు బాగుచేస్తుంటే మళ్లీ బయటపడింది. ఊరి నడిబొడ్డున, జనం రోజూ నడిచే నేల కింద యాభై లక్షల లీటర్ల చోటు ఉందన్న సంగతే ఆ మధ్యకాలంలో చాలామందికి గుర్తు లేకుండా పోయింది.

ఇంత తెలివిగా కట్టిన ఊరు, ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఇటలీ మొత్తం తలదించుకునే స్థితికి ఎలా వచ్చింది? దీని గురించి నేను ఎక్కువసేపు ఆలోచించాను.

ముర్జా మీద గొర్రెల మందలు, ఉన్ని, గోధుమలు ఆ ఊరికి ఆధారం. ఆ మందల బతుకు దెబ్బతిని, పంటభూములు కొద్దిమంది చేతుల్లోకి పోయాక, ఊళ్లో మిగిలింది రోజుకూలీలు. జనం పెరిగారు, ఇళ్లు పెరగలేదు. డబ్బున్నవాళ్లు పైన చదును మీద మేడలు కట్టుకుని వెళ్లిపోయారు. కింద మిగిలినవాళ్లు ఏం చేస్తారు? గొడ్ల కొట్టాలు ఇళ్లు చేసుకున్నారు. కొన్ని గుడులనూ ఇళ్లు చేసుకున్నారు. చివరికి సంపులు ఎండగట్టి, పక్కకు గుమ్మం కొట్టి, అందులోనే కాపురం పెట్టారు. నీళ్లు ఉండాల్సిన చోట మనుషులు ఉన్నారు. గచ్చు పూసిన సంపులో గాలి ఆడదు, వెలుతురు రాదు, గోడలకు తేమ పోదు. రెండు సాస్సీల అడుగున మురికినీళ్లు పోయే రెండు పెద్ద వాగులు ఉండేవి, వాటి మట్టి కిందనున్న తోటలకు ఎరువు అయ్యేది. 1930లలో వాటిని కప్పేసి పైన రోడ్డు వేశారు. అలా పాత ఏర్పాటు ఒక్కొక్క ముడీ తెగిపోయింది.

ఈ స్థితిని దేశానికి తెలియజెప్పింది ఒక పుస్తకం. దాన్ని రాసిన కార్లో లేవి పేరు ఇటలీలో చదువరులకు బాగా తెలుసు. తూరిన్ నగరానికి చెందిన చిత్రకారుడు, వైద్యం చదివినవాడు. ముస్సోలినీ ప్రభుత్వాన్ని వ్యతిరేకించినందుకు 1935లో ఆయన్ను మతేరా ఉన్న ఈ బసిలికాతా ప్రాంతానికి ప్రవాసం పంపారు. అలియానో అనే మారుమూల ఊళ్లో ఉన్నాడు. 1936లో విడిచిపెట్టారు. ఆ రోజుల గురించి రాసిన పుస్తకం 1945లో వచ్చింది. క్రీస్తు ఎబొలీ ఊరి దగ్గరే ఆగిపోయాడు, మా దాకా రాలేదు, అని అక్కడి రైతులు అనుకునే మాటే ఆ పుస్తకానికి పేరు. లేవిని చూడ్డానికి ఆయన అక్క లుయీసా వచ్చింది. ఆమె డాక్టరు. దారిలో మతేరా చూసి, ఆ గుహల్లో ఏం కనపడిందో తమ్ముడికి చెప్పింది. మలేరియాతో పొట్టలుబ్బిన పిల్లలు, ట్రకోమా అనే కంటిజబ్బుతో రెప్పలు వాచిపోయి ఈగలు తోలుకోలేని పిల్లలు. ఆ పిల్లలు ఆమె వెంటపడి డబ్బులు అడగలేదు, క్వినైను మందు అడిగారు. ఆ పుట దగ్గర నేను పుస్తకం మూసి పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఆ పుస్తకం దేశాన్ని కుదిపింది. 1950లో ప్రధాని దె గాస్పెరి స్వయంగా వచ్చి చూశాడు. 1952లో సాస్సీని ఖాళీ చేయించే చట్టం చేశారు. సుమారు పదిహేను వేలమందిని, అంటే ఊళ్లో దాదాపు సగం మందిని, కొత్తగా కట్టిన పేటలకు మార్చారు. ఆ పేటల్లో మొదటిది లా మార్తెల్లా, ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరాన. లుదొవీకో క్వారోని నాయకత్వంలో మంచి వాస్తుశిల్పులు పనిచేశారు. ఇంటి పక్కనే పశువుల కొట్టం ఉండేలా, గుహల్లో ఇరుగుపొరుగుగా ఉన్నవాళ్లు మళ్లీ ఇరుగుపొరుగుగా ఉండేలా చూడాలని ఆలోచించి గీశారు. ఆ శ్రద్ధను తక్కువ చేయకూడదు.

ఖాళీ చేయించక ముందు ఇల్లు ఎలా ఉండేదో చూపించడానికి వీకో సొలితారియో అనే సందులో ఒక గుహను పాత సామానుతో అమర్చి ఉంచారు. 1956 దాకా అందులో ఒక కుటుంబం ఉంది. ఒకే గది. నట్టింట ఎత్తయిన మంచం, మొక్కజొన్న పొట్టు కూరిన పరుపు. మంచం అంత ఎత్తు ఎందుకంటే కింద కోళ్లు ఉంటాయి. పక్కన చెక్క పెట్టె, దాని సొరుగు లాగితే చంటిపిల్లకు పడక. వెనక, గుహ లోపలి కొసన కంచరగాడిదకు మేత తొట్టి కట్టి ఉంది. ఆ జంతువు ఊపిరి వెచ్చదనం చలికాలంలో ఇంటిల్లిపాదికీ కావాలి. తినే బల్ల చిన్నది, దాని మీద ఒకే ఒక పెద్ద పళ్లెం. అందరూ అందులోనే తినేవాళ్లట. నేలలో సంపు మూతి, దాని రాతి అంచు తాడు ఒరుసుకుని గాడులు పడింది. ఆ గాడులు మాత్రం నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. మా ఊరి బావి గట్టుకూ అవే ఉండేవి.

మేం బస చేసిన ఇంట్లో ఒక పెద్దావిడ ఉంది. ఎనభై దగ్గర పడింది. సాస్సో కవెయోసోలో పుట్టి, తొమ్మిదేళ్లప్పుడు కొత్త పేటకు వెళ్లిపోయిన మనిషి. మా మేనకోడలు ఇటాలియన్లో అడిగి నాకు తెలుగులో చెప్పేది. "అత్తా, కొత్తింట్లోకి వెళ్లిన రోజు వాళ్లమ్మ కుళాయి తిప్పి, కట్టేసి, మళ్లీ తిప్పి, అలాగే చూస్తూ నిలబడిందంట. వాళ్ల నాన్న కోప్పడ్డాడంట, నీళ్లు వృథా చేస్తున్నావని." పెద్దావిడ చేత్తో కుళాయి తిప్పినట్టు చేసి చూపించింది. నేను మా ఊళ్లో మొదటి బోరింగు వేసినరోజు సంగతి చెప్పాను. మా అమ్మ పంపు కొట్టి, నీళ్లు తలమీద పోసుకుని నవ్వింది. మా మేనకోడలు అది ఇటాలియన్లో చెప్పేసరికి ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

గుహలో పుట్టినందుకు సిగ్గుపడ్డారా అని అడగమన్నాను. కొత్త బడిలో ఏ సందు నుంచి వచ్చావంటే చెప్పేదాన్ని కాదు అందావిడ. మరి అక్కడిది ఏం గుర్తొస్తుందంటే విచినాతో అని చెప్పింది. విచినాతో అంటే ఏడెనిమిది గుహలకు కలిపి ఉమ్మడి వాకిలి. మధ్యలో ఉమ్మడి సంపు. బట్టలుతకడం, పప్పులు బాగుచేయడం, పిల్లల్ని ఆడించడం అన్నీ అక్కడే. వాళ్లమ్మ తెల్లారకముందే పొలానికి పోతే ఎదురింటామె తన పిల్లతోపాటు వీళ్ల చంటాడికీ పాలిచ్చేదట. కొత్త పేటలో ఎదురింటామె లేదు, ఆమెకు వేరే పేటలో ఇల్లిచ్చారు. కోత అయిపోయాక ఆగస్టు మొదటి తేదీన అందరిళ్ల నుంచి తలా పిడికెడు గింజలు తెచ్చి క్రపియాతా వండేవాళ్లు. గోధుమలు, సెనగలు, చిక్కుళ్లు, బటానీలు, చిరుశనగలు, అన్నీ ఒకే కాగులో. ఎవరి గింజ ఏదో తెలియకుండా ఉడికిపోతుంది.

ఖాళీ చేయించడం తప్పు అని నేను అనలేను. పసిపిల్లలు జబ్బులతో చచ్చిపోతున్న చోట మనుషులను ఉంచమని ఎవరు చెప్పగలరు? కానీ ఆ బడిపిల్ల తన సందు పేరు దాచుకోవాల్సి రావడం నాకు మింగుడు పడలేదు. వాళ్ల పూర్వీకులు వానచుక్కను పారబోయకుండా కట్టిన ఊరు అది. ఇరుకు, పేదరికం, భూమి లేకపోవడం వాళ్లను సంపుల్లోకి తోసాయి. సిగ్గు పడాల్సింది అలా తోసినవాళ్లు. అయితే ఆ సిగ్గును గుహకు అంటగట్టారు, ఆ గుహలో పుట్టిన పిల్ల మోసింది.

ఊళ్లో లాన్‌ఫ్రాంకి మేడలో లేవి వేసిన పెద్ద చిత్రం ఉంది. లుకానియా '61 దాని పేరు. లుకానియా అంటే బసిలికాతాకే పాత పేరు. పొడవు పద్దెనిమిదిన్నర మీటర్లు. ఒక గోడ మొత్తం. 1961లో ఇటలీ ఏకమై నూరేళ్లయిన సందర్భంగా తూరిన్‌లో పెట్టడానికి వేశాడు. రొక్కో స్కొతెల్లారో అనే కవి, త్రికారికో ఊరికి చిన్న వయసులోనే మేయరు, భూమిలేని రైతుల తరఫున నిలబడినవాడు, 1953లో ముప్పై ఏళ్లకే పోయాడు. ఆయన జీవితమే ఆ చిత్రానికి వస్తువు. నల్ల కొంగులు కప్పుకున్న ఆడవాళ్ల మొహాలు వరసగా ఉంటాయి. వాళ్ల చూపు ఎలాంటిదో దగ్గరికి వెళ్లి నిలబడితే తెలుస్తుంది. నేను ఒక బెంచీ మీద గంటకు పైగా కూర్చున్నాను.

తిండి సంగతి రెండు మాటలు. మతేరా రొట్టె గట్టి గోధుమల రవ్వపిండితో, పండ్లతో పులియబెట్టిన పులుపు కలిపి చేస్తారు. కిలో, రెండు కిలోల రొట్టెలు. పైన పెచ్చు మందంగా, కరకరలాడుతూ, లోపల పసుపుపచ్చగా, జల్లెడలా కంతలు కంతలుగా ఉంటుంది. వారం దాకా పాడవదు. పూర్వం ఇంట్లో పిండి కలిపి, ఊరి ఉమ్మడి పొయ్యికి పంపేవాళ్లు. ఎవరి రొట్టె ఎవరిదో తెలియాలి కదా, అందుకు ప్రతి ఇంటికీ చెక్క ముద్ర ఉండేది. ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. బొటనవేలంత పిడి, దాని కొసకు కోడిపుంజు బొమ్మ, అడుగున తిరగేసి చెక్కిన రెండు అక్షరాలు. గొర్రెలకాపరులు మందను కాస్తూ చాకుతో చెక్కేవాళ్లు. తాము చెక్కిన ముద్రను మనసైన పిల్లకు ఇస్తే, ఆమె పుచ్చుకుంటే, పెళ్లికి ఒప్పుకున్నట్టని చెబుతారు. అక్షరాల సందుల్లో పిండి ఇరుక్కుని రాయిలా గట్టిపడి ఇంకా ఉంది.

ఇంకొకటి పెపెరోనీ క్రుస్కీ. కారం లేని ఎర్రటి పొడుగాటి మిరపకాయలను దండలు గుచ్చి ఎండబెట్టి, నూనెలో ఒక్క క్షణం వేయించి తీస్తారు. అప్పడంలా పేలి, కరకరలాడతాయి. ఇంటి బయట వేలాడుతున్న ఆ ఎర్రటి దండలు చూసి నాకు గుంటూరు కళ్లాలు గుర్తొచ్చాయి. ఇది ఊరికే చెప్పే పోలిక కాదు. మిరప వాళ్లదీ కాదు, మనదీ కాదు. కొలంబస్ తరవాత అమెరికా ఖండం నుంచి ఓడల్లో అటు మధ్యధరా తీరానికీ, ఇటు మన తీరానికీ వచ్చిన మొక్క. వాళ్లు కారం వదిలేసి తీపి పట్టుకున్నారు, మనం కారం పట్టుకున్నాం. నేను సంచిలో మా ఊరమిరపకాయలు తీసుకుపోయాను. పెద్దావిడ ఒకటి కొరికి, నీళ్లు తాగి, ఇంకొకటి తీసుకుంది.

ఇప్పుడు సాస్సీలో మళ్లీ దీపాలు వెలుగుతున్నాయి. 1964లో పసొలీని అనే దర్శకుడు తన క్రీస్తు సినిమా ఇక్కడ తీశాడు, ఈ ఊరే జెరూసలెం అయింది. 1986లో బాగుచేతకు మరో చట్టం చేశారు. 2019లో ఐరోపా సాంస్కృతిక రాజధానుల్లో ఒకటి అయింది. గుహలు హోటళ్లయ్యాయి. కొన్నిచోట్ల పాత సంపులు స్నానపు కొలనులు అయ్యాయి. పెద్దావిడ పుట్టిన గుహ ఇప్పుడు ఒక హోటలు గది. ఆవిడ ఒకసారి గుమ్మం దాకా వెళ్లి, లోపల ఎవరో ఉన్నారని వెనక్కి వచ్చేసిందట. నాకు కొరతగా అనిపించింది అదే. గోడలు బాగుపడ్డాయి, వాకిళ్లలో ఇరుగుపొరుగు లేరు. రాత్రి పది దాటాక సందుల్లో నడిస్తే, చక్రాల పెట్టెలు మెట్ల మీద ఈడుస్తున్న చప్పుడు తప్ప మనిషి గొంతు వినపడలేదు. చిన్న గద్దలు మాత్రం ఇల్లు మారలేదు. ఎర్రటి వీపున్న ఈ పిట్టలు వసంతంలో ఆఫ్రికా నుంచి వచ్చి పెంకుల కింద గూళ్లు పెడతాయి. సాయంత్రం లోయ మీద వందలకొద్దీ తిరుగుతుంటే కీచుకీచుమని ఆకాశమంతా ఒకటే అరుపు.

బయల్దేరాల్సిన రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. రాళ్లు నున్నగా ఉంటాయి, జారతావు అత్తా, లోపలికి రా అని మా మేనకోడలు పిలుస్తూనే ఉంది. నేను గొడుగు వేసుకుని మొదటిరోజు చూసిన ఇంటి దగ్గరికి వెళ్లాను. పెంకుల మీంచి నీళ్లు అంచుకు వచ్చి, గాడిలోకి దూకి, గోడ వెంబడి వంపులు తిరుగుతూ దిగుతున్నాయి. ఒక్క చుక్క పక్కకు పోవడం లేదు. ఎప్పుడో వందల ఏళ్ల కిందట ఎవరో పట్టిన వాటం అది, ఇంకా తప్పలేదు. గుమ్మం పక్కదాకా వచ్చిన నీళ్లు నేలలోని కంత దగ్గర ఆగాయి. కంతకు సిమెంటు పూసి ఉంది. అక్కడ ఒక క్షణం సుడి తిరిగి, పక్కకు పొర్లి, మెట్ల మీదుగా వీధి కాలువలోకి పోయాయి. నేను వంగి ఆ సిమెంటు మీద చెయ్యి పెట్టాను. వేళ్ల మధ్య నుంచి నీళ్లు పోతూనే ఉన్నాయి, చల్లగా.